ఎదుటివారి ఎత్తు ముందే కనిపించాలంటే

ప్రశ్న: నేను ఖమ్మం జిల్లాలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. వయసు 38. సాయంత్రాలు ఆన్‌లైన్‌లోనూ, ఆదివారాలు మా ఊరి చెస్ క్లబ్బులోనూ ఆడుతుంటాను. ఏడాదిగా నా రేటింగు 1200 దగ్గరే ఆగిపోయింది. పజిల్స్ ఇస్తే చాలావరకు సరిగానే చేస్తాను. ఆట మొదలయ్యాక మాత్రం నా పథకం నేను చక్కగా వేసుకుంటాను గాని, ఎదుటివారు ఏం చేయబోతున్నారో అది జరిగాక తప్ప నాకు తెలియదు. ఓడిపోయిన రెండు ఆటలను, నేను అప్పుడు ఏమనుకున్నానో పక్కన రాసి పంపుతున్నాను. అసలు ఎన్ని ఎత్తులు ముందుకు ఆలోచించాలి? ఇది పుట్టుకతో రావలసిన విద్యా? ఓపెనింగులు (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరుసలు) ఇంకొన్ని నేర్చుకొమ్మని మిత్రుడొకరు అంటున్నారు. ఆయన మాట వినమంటారా?

సమాధానం: మాస్టారూ, ఆటలతో పాటు మీ ఆలోచనలు కూడా రాసి పంపడం వల్ల నా పని సులువైంది. ఎత్తులు మాత్రమే పంపి ఉంటే తప్పులు ఎక్కడ జరిగాయో చెప్పగలిగేవాణ్ణి గాని, ఎందుకు జరిగాయో చెప్పగలిగేవాణ్ణి కాదు. మీరు రాసిన వ్యాఖ్యలన్నీ వరుసగా చదివితే కారణం తేటతెల్లంగా కనిపిస్తోంది. 'గుర్రాన్ని బయటికి తెచ్చాను', 'ఇ4 బంటు మీద దాడి', 'ఏనుగుకు మంచి వరుస' అంటూ ప్రతి వాక్యమూ మీ పావుల గురించే ఉంది. ఎదుటివారి ఎత్తుల పక్కన మీరు రాసిన వ్యాఖ్య రెండు ఆటల్లోనూ కలిపి ఒక్కటంటే ఒక్కటే, అది కూడా 'ఏమీ లేదు' అని. దాని సంగతి తర్వాత చెబుతాను.

మొదటి ఆటలో మీవి నల్లపావులు. (గడి పేరులో అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డ వరుసను తెలుపుతాయి.) రెండు వైపులా రాజు ముందరి బంట్లు రెండేసి గళ్లు కదిలాక, తెల్ల గుర్రం ఎఫ్3కీ, మీ గుర్రం సి6కీ, తెల్ల శకటు సి4కూ వచ్చాయి. మూడో ఎత్తుగా మీరు రెండో గుర్రాన్ని ఎఫ్6లో పెట్టారు. అది మంచి ఎత్తే. గొప్ప ఆటగాళ్లు కూడా ఆడుతున్నదే. వెంటనే తెల్ల గుర్రం జి5లోకి దూకింది. ఎఫ్7 గడి మీద గుర్రం, శకటు రెండూ గురిపెట్టాయి, ఆ గడికి కాపలా మీ రాజు ఒక్కడే. మీరు గుర్రాన్ని తరిమేద్దామని హెచ్6 బంటును జరిపారు. అది తరిమినా వెనక్కి పోలేదు, ఎఫ్7లోని బంటును కొట్టి మీ మంత్రినీ, మూలనున్న ఏనుగునూ ఒకేసారి పట్టుకుంది. దాన్ని మీరు అసలు ఊహించలేదు.

ఎఫ్7 బలహీనమైన గడి అన్న సంగతి మీకు తెలియనిది కాదు. పజిల్‌గా ఇస్తే క్షణంలో చెప్పేవారు. మీరు గమనించనిది ఇంకొకటి. మీ మంత్రి డి8లో ఉంది. ఇ7 బంటు ముందుకు వెళ్లిపోయినందువల్ల ఇ7, ఎఫ్6 గళ్ల మీదుగా జి5 వరకు దాని చూపు ఐమూలగా సాగుతోంది. మీ గుర్రం ఎఫ్6లో కూర్చున్న క్షణాన ఆ చూపు మూసుకుపోయింది. గుర్రానికి బదులు శకటును సి5కు తెచ్చి ఉంటే, తెల్ల గుర్రం జి5కి వచ్చే ప్రసక్తే లేదు. వస్తే మీ మంత్రి దాన్ని ఉత్తపుణ్యానికి కొట్టేసేది. అంటే ఆ దాడికి దారి తీసినది తెల్లవారి నాలుగో ఎత్తు కాదు, మీ మూడో ఎత్తు. అందువల్ల గుర్రాన్ని ఎఫ్6కు తేవడం తప్పని అనుకోకండి. తెచ్చేటప్పుడే 'నేను జి5ను వదులుతున్నాను, గుర్రం అక్కడికి వస్తే డి5 బంటును తోసి శకటుకు అడ్డం పెట్టాలి, ఆ బంటును కొడితే నా గుర్రాన్ని ఎ5కు పంపి శకటును తరమాలి' అన్న లెక్క సిద్ధంగా ఉండాలి. ఒక బంటు పోతుంది, బదులుగా మీ పావులు చకచకా బయటికి వస్తాయి. డి5లో కొట్టిన బంటును మళ్లీ గుర్రంతో కొట్టాలని మాత్రం ఆశపడకండి. తెల్లవారు ఎఫ్7లో గుర్రాన్ని బలి ఇచ్చి మీ రాజును నడివీధిలోకి లాగుతారు.

ఎదుటివారి ఎత్తు చూడగానే 'దీనితో ఆయన ఏం మొదలుపెట్టారు' అని అడగాలని ప్రతి శిక్షకుడూ చెబుతారు. నేను దానికన్నా ముందు ఇంకో ప్రశ్న పెడతాను: 'నేను ఆడబోయే ఈ ఎత్తు వల్ల ఏ గడిని, ఏ వరుసను, ఏ పావును కాపాడడం మానేస్తున్నాను?' కదిలే ప్రతి పావూ ఏదో ఒక కాపలాను విడిచిపెట్టే కదులుతుంది, లేదా తనవారి దారికే అడ్డం నిలుస్తుంది. ఎదుటివారి తర్వాతి ఎత్తు చాలాసార్లు అక్కడి నుంచే పుడుతుంది. మీ స్థాయి ఆటల్లో 'ఆకాశం నుంచి ఊడిపడ్డ' ఎత్తులను వెనక్కి తిరిగి పరిశీలిస్తే, వాటిలో చాలా వాటికి మీరే ఆహ్వానం పంపిన సంగతి బయటపడుతుంది.

'దీనితో ఆయన ఏం మొదలుపెట్టారు' అన్న ప్రశ్నకు జవాబు దొరకనప్పుడు ఒక ఉపాయం ఉంది. మీ వంతును మనసులోనే వదిలేసి, ఎదుటివారికి వరుసగా రెండో ఎత్తు కూడా ఇచ్చారనుకోండి. ఇప్పుడు ఆయన ఏది ఆడితే మీకు ఎక్కువ నష్టం? జి5లో గుర్రం నిలిచి ఉండగా మీరు ఏమీ ఆడకపోతే ఎఫ్7 పోతుందని తక్షణమే తెలుస్తుంది. హెచ్6 ఆడితే ఆ ముప్పుకు జవాబు చెప్పినట్టు కాదని కూడా ఆ వెంటనే తెలుస్తుంది. ముప్పు ఏదో తేలాకే, మీరు ఆడాలనుకున్న ఎత్తు దాన్ని ఆపుతుందా, లేక దానికన్నా పెద్ద ముప్పును అటువైపు తెస్తుందా అని చూడాలి. రెండూ కానప్పుడు ఆ ఎత్తు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాలి.

ఎన్ని ఎత్తులు ముందుకు ఆలోచించాలన్న మీ ప్రశ్న వెనుక, గొప్ప ఆటగాళ్లు పది పదిహేను ఎత్తుల దూరం చూస్తారన్న జనశ్రుతి ఉంది. డచ్ మనస్తత్వవేత్త ఆడ్రియాన్ డి గ్రూట్ ఆటగాళ్లకు స్థితులు చూపించి, బిగ్గరగా ఆలోచించమని చెప్పి నమోదు చేసి, 1946లో ఆ పరిశోధనను వెలువరించారు. గ్రాండ్‌మాస్టర్లు తమకన్నా ఒక మెట్టు కిందివారి కంటే చాలా లోతుగా గాని, మరీ ఎక్కువ ఎత్తులను గాని లెక్కపెట్టలేదు. చూడవలసిన ఎత్తులనే చూశారు. మీ సమస్యకు ఇంకా దగ్గరగా వచ్చేది 2004లో మిషెల్ కౌలీ, రూత్ బర్న్ చేసిన అధ్యయనం. అంతగా ఆరితేరనివారు తమకు నచ్చిన ఎత్తును పరిశీలించేటప్పుడు ఎదుటివారు తమకు అనుకూలమైన జవాబే ఆడతారని ఊహించుకునే మొగ్గు చూపారు. మాస్టర్లు తమ ఎత్తును పడగొట్టే జవాబు కోసం వెతికారు. మీ వ్యాఖ్యలలో 'అప్పుడు ఆయన కొడతాడు, నేను చెక్ ఇస్తాను' అన్న వాక్యాన్ని ఒకసారి ఈ దృష్టితో చదవండి. ఆయన ఎందుకు కొట్టాలి? కొట్టకపోతే ఏమవుతుంది? ఆ రెండో ప్రశ్న మీ కాగితం మీద ఎక్కడా లేదు.

లోతు కన్నా ఈ ప్రశ్నే ముఖ్యమనడానికి పెద్ద ఉదాహరణ ఒకటి మన కళ్ల ముందే జరిగింది. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగో ఆట నాటికి స్కోరు చెరి ఆరున్నర. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబపు బిడ్డ గుకేశ్ నల్లపావులతో, చాంపియన్ డింగ్ లిరెన్ తెల్లపావులతో ఆడుతున్నారు. చివరికి చెరో ఏనుగు, చెరో శకటు, గుకేశ్‌కు రెండు బంట్లు, డింగ్‌కు ఒకటి మిగిలాయి. ఓపికగా కాచుకుంటే డ్రా అయ్యే స్థితి. 55వ ఎత్తుగా డింగ్ తన ఏనుగును ఎఫ్2కు తెచ్చి, ఏనుగుల మార్పిడికి రమ్మన్నారు. పావులు తగ్గితే డ్రా దగ్గరపడుతుందన్నది సాధారణ న్యాయం, ఆ ఎత్తు వెనుక ఉన్న కోరిక కూడా అదే అయి ఉండాలి. అయితే ఆయన శకటు ఎ8 మూలలో ఉంది. మూలలోని శకటుకు ఉండేది ఒకే ఐమూల దారి. ఏనుగులు మారాక గుకేశ్ తన శకటును ఆ దారి మధ్యలో, డి5లో నిలిపారు. తెల్ల శకటు ఎటు జరిగినా అదే గీత మీద ఉంటుంది కనుక మార్పిడి తప్పదు. మారితే మిగిలేవి రాజులూ బంట్లూ మాత్రమే, ఆ ఆట రెండు బంట్లున్నవారిది. 58వ ఎత్తుతో ఆట ముగిసి, పద్దెనిమిదేళ్ల గుకేశ్ చాంపియన్ అయ్యారు. ఆ ముప్పు రెండు ఎత్తుల దూరంలోనే ఉంది. డింగ్ స్థాయి ఆటగాడికి అది లెక్క కానే కాదు. మూడు వారాల అలసట మీద, గంటల కొద్దీ సాగిన ఆటలో, 'నేనిది అడిగితే ఆయన ఇంకేం అడగవచ్చు' అన్న తనిఖీ ఒక్కసారి జారిపోయింది. ఆ పోటీకి గుకేశ్‌ను సిద్ధం చేసిన బృందంలో గుంటూరులో పుట్టిన గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ కూడా ఉన్నారన్న సంగతి ఇక్కడ అప్రస్తుతమే అయినా, మన ప్రాంతపు పాఠకులకు నచ్చుతుందని చెబుతున్నాను.

ఇప్పటివరకు చెప్పినది ఒకటి రెండు ఎత్తులలో మీద పడే ముప్పుల గురించి. మీ రెండో ఆట వేరే తరహాది. అందులో మీ మీద చిన్న దెబ్బ కూడా పడలేదు, అయినా మెల్లగా ఊపిరాడని స్థితికి వచ్చి ఓడిపోయారు. మంత్రి ముందరి బంట్లతో మొదలైన ఆటలో సి4 నుంచి తెల్ల బంటు డి5లో కొట్టింది, మీరు ఇ6 బంటుతో తిరిగి కొట్టారు. పదకొండో ఎత్తుగా తెల్లవారు తమ ఏనుగును ఎ1 నుంచి బి1కి జరిపారు. ముందు సొంత బంటు అడ్డంగా ఉన్న వరుసలోకి ఏనుగు రావడం చూసి మీరు రాసిన వ్యాఖ్యే ఆ 'ఏమీ లేదు'.

పథకాలను చదవాలంటే పావుల కన్నా ముందు బంట్లను చూడాలి. గుర్రం నచ్చకపోతే వెనక్కి వస్తుంది, బంటు రాదు; కాబట్టి బంట్ల అమరిక ఎదుటివారు దాచలేని ఉద్దేశం. ఆ మార్పిడి అయ్యాక మంత్రి వైపున తెల్లవారికి ఎ, బి వరుసల బంట్లు రెండున్నాయి, మీకు ఎ, బి, సి వరుసల బంట్లు మూడున్నాయి. రెండు బంట్లున్న పక్షం మూడు బంట్ల మీదికి దండెత్తడం వింతగా కనిపిస్తుంది గాని, దాని వెనుక లెక్క గట్టిది. తెల్లవారు బి4, బి5 అంటూ బంటును తోసి మీ సి6 బంటును ఢీకొంటారు. వారు సి6లో కొట్టి మీరు బి7 బంటుతో తిరిగి కొడితే, మీ సి6 బంటును కాపాడే బంటు ఇక ఉండదు, దాని ఎదుట తెల్ల ఏనుగుల కోసం సి వరుస తెరిచి ఉంటుంది. మీరే ముందుగా బి5లో కొడితే ఈసారి డి5 బంటు ఒంటరిదవుతుంది. ఈ దాడి మొత్తానికి మొదటి సూచన బి1కి వచ్చిన ఆ ఏనుగే: బి4 బంటుకు వెనుక నుంచి బలం ఇవ్వడానికి అది అక్కడికి వచ్చింది.

'ఏమీ లేదు' అనిపించిన ఎత్తు దగ్గరే ఎక్కువసేపు ఆగాలన్నది నా గట్టి అభిప్రాయం. చెక్ ఇచ్చే ఎత్తు, పావును కొట్టే ఎత్తు తమ ఉద్దేశాన్ని తామే చెప్పుకుంటాయి. పనిలేనట్టు కనిపించే ఏనుగు కదలికకో, రాజును ఒక గడి పక్కకు జరపడానికో కారణం ఉండి తీరుతుంది. తెలివైన ఆటగాడు ఒక వంతును ఊరికే పారేసుకోడు. ఆ కారణం పట్టుకున్నాక మీకు మూడు దారులుండేవి. ఎ5 బంటును తోసి బి4ను ఆలస్యం చేయవచ్చు. తెల్లవారు ఎ3తో సర్దుకుని బి4 ఆడితే, బంట్లు మారాక ఎ వరుస మీ ఏనుగుకు తెరుచుకుంటుంది. లేదా బి4 పడనిచ్చి, మీరు బి5తో దారి మూసి, గుర్రాన్ని బి6 మీదుగా సి4కు పంపవచ్చు. బి బంటు ముందుకు వచ్చేసింది కనుక సి4లో కూర్చున్న గుర్రాన్ని బి3తో తరిమే అవకాశం తెల్లవారికి ఇక లేదు. మూడోది, నాకు ఎక్కువ ఇష్టమైనది: తెల్లవారి దాడి ఫలించడానికి పట్టే ఎత్తులను లెక్కపెట్టి, అది నెమ్మదైనదని తేలితే మీ గుర్రాన్ని ఇ4లో నిలిపి, రాజు వైపున మీ దాడి మీరు మొదలుపెట్టవచ్చు. ఎదుటివారి పథకం కనిపించినంత మాత్రాన దాన్ని ఆపి తీరాలని లేదు. దాని వేగం తెలిస్తే, పట్టించుకోకుండా వదలడం కూడా ఒక జవాబే.

ఆపడమే పరమావధిగా ఆడి గెలిచినవారూ ఉన్నారు. 1963 నుంచి 1969 దాకా ప్రపంచ చాంపియన్‌గా ఉన్న పెట్రోసియాన్ ఆటలు అలాంటివి. ఎదుటివారికి ఆలోచన రాకముందే ఈయన దానికి తలుపు వేసేవారు. తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన కార్పోవ్ ఆట ఒకటి తప్పక చూడండి: 1974లో ఫ్రాన్స్‌లోని నీస్ చెస్ ఒలింపియాడ్‌లో ఉన్‌సికర్ మీద ఆడినది. ఎ వరుస తెరిచి ఉంది. నల్లవారు ఆ వరుసలో ఏనుగులను ఎదురెదురుగా పెట్టి మార్చుకుని తేలికపడదామని చూస్తున్నారు. కార్పోవ్ 24వ ఎత్తుగా తన శకటును ఎ7లో, శత్రువుల ఇంట్లోనే, దిగవేసి ఆ వరుసను మూసేశారు. మార్పిడి ఆగింది. ఆ శకటు చాటున తెల్ల ఏనుగులు తీరిగ్గా ఒకదాని వెనుక ఒకటి చేరాయి, నల్లవారు చేయగలిగింది లేకపోయింది. ఆ ఎత్తుతో కార్పోవ్ ఒక్క బంటు మీద కూడా దాడి చేయలేదు. 'ఆయనకు ఇప్పుడు ఏం కావాలి' అన్న ప్రశ్నకు దొరికిన జవాబును గళ్ల మీద పెట్టారు, అంతే.

అయితే ఈ ఉత్తరం చదివి రేపటి నుంచి ప్రతి ఆటలోనూ హెచ్3, ఎ3 బంట్లను ముందుజాగ్రత్తగా తోయడం మొదలుపెడతారేమోనని నాకు భయంగా ఉంది. ఈ మందుకు ఆ దుష్ఫలితం ఉంది. రాని దాడికి కాపలా పెట్టిన ప్రతిసారీ ఒక వంతు ఖర్చవుతుంది, రాజు ముందరి బంటు కదిలితే అక్కడొక కొత్త బలహీనత కూడా పుడుతుంది. ముప్పును ఎత్తుల రూపంలో చెప్పగలిగితేనే దానికి జవాబు ఆడండి. 'గుర్రం జి4కు వస్తుంది, మంత్రి హెచ్2 మీద పడుతుంది' అని చెప్పగలిగితే అది ముప్పు. 'ఎందుకో అటువైపు భయంగా ఉంది' అన్నది ముప్పు కాదు.

సాధన విషయానికి వస్తే, పజిల్స్ మానవద్దు గాని వాటి పరిమితి తెలుసుకోండి. పజిల్‌లో గెలుపు మీవైపే ఉందని ముందే తెలుసు, వెతకవలసిందీ మీ ఎత్తే. ఆటలో అలా ఎవరూ చెప్పరు. పజిల్ తెరవగానే పరిష్కారం వెతకకుండా, ఓడబోతున్న పక్షం వైపు కూర్చుని, చివరి ఎత్తుకు బదులు ఏది ఆడితే ఈ దెబ్బ తప్పేదో ముందు చెప్పండి. మాస్టర్ల ఆటలను ఓడినవారి వైపు నుంచి, తర్వాతి ఎత్తును కాగితంతో కప్పి, గెలిచినవారు ఏం ఆడతారో ఊహిస్తూ చదవండి. వారానికి ఒక్క ఆట ఇలా చదివినా చాలు. మూడు నిమిషాల బ్లిట్జ్‌లో ఈ అలవాటు కుదరదు. కొన్నాళ్లు చెరి పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు కలిసే ఆటలే ఆడండి. ఆట అయ్యాక లీచెస్ వెబ్‌సైటు‌లో విశ్లేషణ తెరిస్తే ఎదుటివారి ముప్పును చూపించే సదుపాయం ఉంది. 'నేను ఆడవలసిన మంచి ఎత్తు ఏది' అని చెస్ ప్రోగ్రామైన ఇంజిన్‌ను అడిగే ముందు, మీరు తడబడిన స్థితిలో ఆ ముప్పును మీరే చెప్పి, ఆ తర్వాత సరిచూసుకోండి.

ఓపెనింగుల గురించి మీ మిత్రుడు చెప్పిన దానిలో సగం నిజముంది. ఎత్తులు కంఠతా పట్టడం వల్ల మీ సమస్య తీరదు, ఎనిమిదో ఎత్తు దగ్గర కాకపోతే పద్నాలుగో ఎత్తు దగ్గర బయటపడుతుంది. మీరు ఇప్పటికే ఆడుతున్న రెండు మూడు ఓపెనింగులలో ఎదుటి పక్షం సాధారణంగా ఏం కోరుకుంటుందో నేర్చుకోండి. బంట్ల దండయాత్ర గురించి ముందే తెలిసినవారికి బి1లోని ఏనుగు ఒక్క చూపులో అర్థమవుతుంది. పుట్టుకతో వచ్చినట్టు పైకి కనిపించేది చాలావరకు ఇలా పోగుపడిన ఎరుకే. దానికి 38 ఏళ్లు అడ్డం కాదు, సాయంత్రాలు దిద్దవలసిన జవాబు పత్రాలు అడ్డం కావచ్చు.

క్లబ్బులో స్నేహంగా ఆడే ఆటల్లో ఒక పని చేయండి. ఎదుటివారి వంతు నడుస్తున్నప్పుడు, వారు ఆడతారని మీకు తోచిన ఎత్తును చిన్న కాగితం మీద రాసి బోర్లించి పెట్టండి. ఆయన ఆడాక తిప్పి చూసుకోండి. తప్పినప్పుడు ఆయన ఎత్తు మీరు ఊహించిన దానికన్నా మంచిదా, చెడ్డదా అని ఆట ముగిశాక ఆయన్నే అడగండి. ఆటగాళ్లకు తమ ఎత్తుల గురించి చెప్పడమంటే మహా ఇష్టం. రేటింగ్ పోటీలలో మాత్రం ఇది చేయకూడదు. అంతర్జాతీయ చెస్ సమాఖ్య (ఫిడె) నియమాల ప్రకారం ఆట నడుస్తుండగా ఇలాంటి రాతలు పనికిరావు, సొంత ఎత్తును కూడా ముందు ఆడి, తర్వాతే షీటులో రాయాలి. అక్కడ ఆ కాగితం మనసులోనే ఉండాలి. తర్వాత పంపే ఆటల్లో మీ ఎత్తుల పక్కన వ్యాఖ్యలు అక్కర్లేదు, ఎదుటివారి ఎత్తుల పక్కన మాత్రమే రాసి పంపండి.